యూటీ 210ఈ క్లాంప్ మీటర్: చెరువు గట్టు మీదా, ఇంటి షెడ్డులోనూ

కరెంటు పని తెలిసినవాళ్ళ సంచిలో క్లాంప్ మీటరు ఉండనే ఉంటుంది. దవడ తెరిచి వైరు చుట్టూ పట్టుకుంటే, వైరు కోయకుండానే అందులో పోయే కరెంటు చూపేది అది. వాటిలో చాలావి 400, 600 ఆంపియర్ల దాకా చూపిస్తాయి. భీమవరం, ఆకివీడు, రాజోలు చుట్టుపక్కల ఇళ్ళలో, చెరువుల మీద అంత కరెంటు ఎక్కడుంది? రెండు హెచ్‌పీ ఏరియేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే పాడిల్ మిషను) తినేది మూడున్నర, నాలుగు ఆంపియర్లు. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు బోరు మోటారు ఆరేడు. ఏడాదిలో సగం తడి, మిగతా సగం ఉప్పుగాలి ఉండే ఈ నేలలో మోటార్లు కాలిపోవడానికీ, మనుషులకు షాక్ కొట్టడానికీ మూలం ఎక్కువసార్లు పది, ఇరవై మిల్లీ ఆంపియర్ల దగ్గరే మొదలవుతుంది. ఆ అంకె చూడగలిగే మీటరు కావాలి. యూనీ-టీ కంపెనీ యూటీ 210ఈ అందుకు పనికొస్తుంది. అయితే అన్నింటికీ పనికిరాదు.

ముందు లెక్కలు. ఏసీ, డీసీ రెండూ 2, 20, 100 ఆంపియర్ల రేంజిల్లో చూస్తుంది. 2 ఆంపియర్ల రేంజిలో చివరి అంకె ఒక మిల్లీ ఆంపియరు. ఓల్టులు 600 వరకు. ఓమ్స్, డయోడు, బజరు, కెపాసిటర్ ఉన్నాయి. దవడ 17 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. ట్రూ ఆర్ఎంఎస్ (వేవు ఆకారం ఎలా ఉన్నా అసలు విలువ లెక్కగట్టే పద్ధతి) కాబట్టి ఇన్వర్టర్, ఎల్‌ఈడీ లైట్ల లాంటి వంకర వేవుల మీద కూడా నమ్మొచ్చు. రెండు సన్న సెల్లులతో నడుస్తుంది, చొక్కా జేబులో పట్టేంత చిన్నది. ఏసీ ఒక్కటే చూసే మామూలు క్లాంపు కంటే ధర బాగా ఎక్కువ. ఏసీకి దవడలో కాయిల్ చుట్టితే చాలు, డీసీకి హాల్ సెన్సార్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే చిప్పు) పెట్టాలి, ఖర్చంతా అక్కడే. ఈ 210 వరసలో ఏ, బీ, సీ, డీ కూడా ఉన్నాయి. డీసీని మిల్లీ ఆంపియర్లలో చూపేది చివర "ఈ" ఉన్నదే. పెట్టె మీద అక్షరం చూసుకోకుండా డబ్బులివ్వకండి.

కొత్తగా కొన్నవాళ్ళు చేసే మొదటి ఫిర్యాదు: "ఫ్యాన్ వైరుకి పెడితే సున్నా చూపిస్తోంది, మీటరు పాడు." మీటరు బాగానే ఉంది. ఫేజులో వెళ్ళినంత కరెంటూ న్యూట్రల్‌లో వెనక్కి వస్తుంది కాబట్టి రెండు వైర్లనూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోడు ఎంతో తెలియాలంటే ఒక్క వైరునే దవడలో పెట్టాలి. దీనికోసం ప్రతిసారీ కేబులు తొక్క ఒలవక్కర్లేదు. 16 ఆంపియర్ల త్రీ పిన్ టాపు ఒకటి, అదే సైజు సాకెట్టు ఒకటి, 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ సింగిల్ కోర్ వైరు ఎరుపు, నలుపు, పచ్చ మీటరున్నర చొప్పున తెచ్చి పొట్టి ఎక్స్‌టెన్షన్ కట్టుకోండి. మూడు వైర్లూ విడివిడిగా వేలాడుతుండాలి. ఫ్రిజ్జు, మిక్సీ, గ్రైండింగ్ మిషను, దేన్నైనా దీనిలోంచి పోనిస్తే లోడు, లీకేజీ, ఎర్త్ కరెంటు మూడూ ఒక్కచోటే చూసుకోవచ్చు. వంద రూపాయలు ఆదా చేద్దామని పాత వైరు వాడకండి, దీన్ని చేత్తో పట్టుకుని పని చేస్తారు.

ఇక సున్నా రావడమనే ఆ గుణమే ఈ మీటరుకు అసలు పని. ఫేజు, న్యూట్రల్ కలిపి పట్టినప్పుడు సున్నా రాకుండా 18 మిల్లీ ఆంపియర్లు వచ్చిందంటే, ఆ 18 వెళ్ళాల్సిన దారిన వెనక్కి రాలేదు. గోడలోకో, నేలలోకో, నీళ్ళలోకో పోయింది. ఇంట్లో ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపిస్తే తనంతట తానే కరెంటు తీసేసే స్విచ్చి) వాన పడినప్పుడల్లా పడిపోతుంటే ఇలా వెతకాలి. మెయిన్ తర్వాత ఇంట్లోకి పోయే రెండు వైర్లను కలిపి దవడలో పెట్టండి, రేంజి 2 ఆంపియర్ల ఏసీ. ఎర్త్ వైరు దవడ బయటే ఉండాలి. అంకె రాసుకుని ఎంసీబీలు (ఒక్కో లైనుకు ఉండే బోర్డు స్విచ్చులు) ఒక్కొక్కటే దించుతూ రండి. ఏది దించితే అంకె పడిపోయిందో ఆ లైన్లోనే దొంగ ఉన్నాడు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 లోపల పడకూడదు, 30కి తప్పకుండా పడాలి. ఆ మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. మామూలు రోజునే ఇల్లు 12 కారుతుంటే వాన రోజున ట్రిప్ అవడంలో వింతేం లేదు, ఆర్‌సీసీబీని తిట్టి లాభం లేదు. ఒక తిరకాసు ఉంది: పాత ఇళ్ళలో రెండు లైన్లకు ఒకే న్యూట్రల్ కలిపేసి ఉంటారు. అప్పుడు లైను దగ్గర పట్టుకుంటే మిల్లీలు కాదు, ఏకంగా ఆంపియర్లే కనిపిస్తాయి. అది లీకేజీ కాదు, వైరింగు తప్పు.

ఏరియేటర్ దగ్గర ఇదే పని కాస్త మార్చి చేయాలి. స్టార్టర్ తర్వాత మూడు ఫేజులనూ కలిపి పట్టుకోండి. మంచి మోటారు, అతుకుల్లేని కేబులు అయితే మూడు నాలుగు మిల్లీ ఆంపియర్లు దాటదు. పది దాటితే కేబులు జాయింటు చూడాలి. టేపు చుట్టిన అతుకు గట్టు మీద బురదలోనో, నీళ్ళకు ఆనుకునో ఉంటుంది, నూటికి తొంభై అదే. ముప్ఫై దాటితే మోటారు ఆపి ఫ్యూజులు పీకిన తర్వాతే మిగతా ఆలోచన. ఇప్పుడు రెండో రీడింగు: ఎర్త్ వైరును కూడా దవడలోకి తెచ్చి నాలుగూ కలిపి పట్టుకోండి. మొదటిసారి 14 వచ్చి, రెండోసారి 1 వస్తే లీకంతా ఎర్త్ వైరు మీదుగా పోతోంది. రెండోసారి కూడా 11 వచ్చిందనుకోండి, ఆ 11 చెరువు నీళ్ళలోంచి, మట్టిలోంచి వెళ్తోందన్నమాట. ఎర్త్ వైరు ఎక్కడో తెగింది, లేదా జీఐ పైపు దగ్గర క్లాంపు ఉప్పు తిని ఊడింది. ఆ నీళ్ళలోకి మేత వేసే మనిషి దిగుతాడు. టెస్టరు ఈ తేడా చెప్పలేదు, 600 ఆంపియర్ల మీటరూ చెప్పలేదు.

గట్టు మీద లైట్లకు న్యూట్రల్ లాగకుండా నేలలో రాడ్డు పాతి పని కానిచ్చేస్తుంటారు కొందరు. ఆ వైరుకు క్లాంపు పెడితే లైట్ల కరెంటంతా నేలలోకి పోతున్నట్టు కనిపిస్తుంది. రాడ్డు చుట్టూ తడి నేల కూడా కరెంటులోనే ఉంటుంది. మీటరు పక్కన పెట్టి ముందు న్యూట్రల్ లాగించండి.

ఏరియేటర్ ఆంపియర్లు చూడటానికి 20 రేంజి. మూడు ఫేజులూ విడివిడిగా చూసి రాసుకోవాలి, ఒక్కటి చూసి వదిలేస్తే లాభం లేదు. మూడూ సమానంగా నేమ్ ప్లేటు అంకె కంటే పైకి పోయాయంటే తప్పు కరెంటులో లేదు, లోడులో ఉంది. పాడిల్స్‌కు నాచు చుట్టుకుంది, గేర్ బాక్సులో ఆయిలు లేదు, లేదా ఫ్లోటులోకి నీరెక్కి మిషను దిగిపోయి పాడిల్ లోతుగా తవ్వుతోంది. ఈ మూడోది చాలామంది కనిపెట్టరు, మోటారు విప్పేసి వైండింగ్ షాపుకు పంపేస్తారు.

మూడింట్లో ఒకటే ఎక్కువైతే లెక్క వేరు. 3.4, 3.6, 4.4 వచ్చాయనుకోండి. సగటు 3.8, ఎక్కువ తేడా 0.6, అంటే దాదాపు 16 శాతం. పది దాటితే కారణం వెతకాల్సిందే. లైన్లో ఓల్టేజీ తేడా ఒక్క శాతమే ఉన్నా ఆంపియర్లలో అది ఆరు నుంచి పది శాతం దాకా కనిపిస్తుంది కాబట్టి వెంటనే మోటారును అనుమానించకండి. కరెంటు తీసేసి మోటారు మూడు వైర్లనూ వరసగా ఒక్కో గడి జరపండి: ఒకటోది రెండో చోటుకు, రెండోది మూడో చోటుకు, మూడోది ఒకటో చోటుకు. ఇలా మూడూ జరిపితే తిరిగే దిక్కు మారదు. మళ్ళీ చూడండి. ఎక్కువ ఆంపియరు అదే లైన్లో ఉండిపోతే తప్పు సప్లైది: ఫ్యూజు వైరు, కాలిన కాంటాక్టు, ట్రాన్స్‌ఫార్మర్. వైరుతోపాటు జరిగితే తప్పు మోటారుది, వైండింగ్ షాపుకు అప్పుడు పంపాలి. పది నిమిషాల పని.

ఒక ఫేజు పూర్తిగా పోతే మిగతా రెండూ 1.73 రెట్లు లాగుతాయి. తెల్లవారుజామున, నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకే ఇది జరిగిందంటే మోటారూ పోతుంది, రొయ్యలూ పైకి తేలతాయి. ఇక్కడ ఓల్టులు చూసి మోసపోతారు. మోటారు తిరుగుతుండగా పోయిన ఫేజు మీద కూడా దగ్గర దగ్గర పూర్తి ఓల్టేజీ కనిపిస్తుంది, అది వైండింగ్ లోంచి వెనక్కి వచ్చేది. ఆంపియర్లు చూస్తే ఆ వైరులో సున్నా ఉంటుంది. అలాంటిదే ఇంకొకటి: తెగిపోయి ఉత్తగా పడి ఉన్న వైరులో కూడా ఈ మీటరు 40, 70 ఓల్టులు చూపిస్తుంది. పక్క వైరు నుంచి ఎక్కిన దెయ్యం ఓల్టేజీ అది. 60 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు హోల్డర్లో పెట్టి తగిలిస్తే నిజం తేలుతుంది, దెయ్యమైతే బల్బు వెలగదు. రెండు ఫేజుల మధ్య చూడాలంటే రెండు బల్బులు సిరీస్‌లో కట్టండి, ఒక్కటే పెడితే పగులుతుంది.

డీసీ సంగతి. ట్రాక్టరు, జనరేటరు, బండి వారం ఆగితే బ్యాటరీ దిగిపోతుంటే ఏదో ఒకటి లాగుతోందని అర్థం. తాళం చెవి బయటకు లాగి, అన్నీ ఆపి, 2 ఆంపియర్ల డీసీకి మార్చండి. హాల్ సెన్సార్ భూమి అయస్కాంతాన్ని కూడా పట్టుకుంటుంది, మీటరు అటు ఇటు తిప్పితేనే అంకె మారుతుంది. అందుకని వైరు పక్కనే, పట్టుకోబోయే దిక్కులోనే దవడ మూసి ఉంచి జీరో నొక్కాలి, తర్వాతే నెగటివ్ కేబులుకు పెట్టాలి. అంకె చూశాక మీటరును తిరగేసి మళ్ళీ పెట్టండి. ఒకసారి ప్లస్ 62, ఇంకోసారి మైనస్ 50 వస్తే అసలుది 56. నిజంగా లాగేది గుర్తు మారుస్తుంది, దొంగ అంకె మారదు, అదీ కిటుకు. 88 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీని 56 మిల్లీ ఆంపియర్లు సగం చేయడానికి నెల పడుతుంది. 300 అయితే ఆరు రోజులు. ఎక్కువ వస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ చూడండి. ఫ్యూజులన్నీ పీకినా తగ్గకపోతే బ్యాటరీ నెగటివ్ ఊడదీసి ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి, వేరేదానికి తగలకుండా టేపు చుట్టి, మళ్ళీ కలిపి చూడండి. తగ్గిందంటే లోపల డయోడు కారుతోంది.

సెల్ఫ్ కరెంటు మాత్రం దీనితో చూడొద్దు. డీజిల్ ఇంజను సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది, దీని హద్దు 100. ఓల్టు రేంజిలో పని కానివ్వండి: సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 కంటే కిందకు పడిపోతే ముందు బ్యాటరీని అనుమానించాలి. బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ ఇంజను బాడీకీ మధ్య 0.3 దాటితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది. కొత్త బ్యాటరీ కొనేముందు ఈ పట్టీ విప్పి గరుకు కాగితంతో రుద్దండి.

కెపాసిటర్ పని బాగానే చేస్తుంది. సీలింగ్ ఫ్యాన్‌ది 2.5 మైక్రోఫారడ్ అయితే 2.4 నుంచి 2.6 మధ్య ఉండాలి, 1.8కి పడిపోతే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. తీసిన కెపాసిటర్ కాళ్ళకు బల్బు తగిలించి ఖాళీ చేశాకే మీటరు పెట్టాలి. పెద్ద స్టార్టింగ్ కెపాసిటర్‌కు అంకె నిలబడటానికి కొన్ని సెకన్లు పడుతుంది.

లోపాలకు వస్తే, పెద్దది భద్రతది. మీటరు మీద క్యాట్ 2 కి 600 ఓల్టులు, క్యాట్ 3 కి 300 అని ఉంటుంది. క్యాట్ అంటే మీటరును ఎలాంటి చోట వాడొచ్చో చెప్పే భద్రతా తరగతి, సప్లైకి దగ్గరయ్యేకొద్దీ అంకె పెద్దదవుతుంది. అంటే ఇంట్లో ప్లగ్గు దగ్గర ధీమాగా వాడొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కింది ఫ్యూజు బాక్సులో దీని ప్రోబులు పెట్టడం తెలివైన పని కాదు. అక్కడ ఇన్సులేషన్ మీద నుంచి క్లాంపు వరకే. రెండోది, 17 మిల్లీమీటర్ల దవడలో పది హెచ్‌పీ మోటారు ఆర్మర్డ్ కేబులు పట్టదు. మూడోది, మెగ్గర్ (ఎక్కువ ఓల్టులు పెట్టి ఇన్సులేషన్ చూసే మీటరు) చేసే పని ఇది చేయదు. ఓమ్స్‌లో మోటారు బాడీకి ఓపెన్ చూపించినా, 500 ఓల్టుల మెగ్గర్ పెడితే అదే మోటారు అర మెగాఓమ్ కూడా చూపకపోవచ్చు. చెమ్మగిల్లిన వైండింగ్ సంగతి మెగ్గరే చెప్పాలి. నీళ్ళకు ఆగే మీటరూ కాదు. మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టుకోండి, దవడ అంచుల్లో దుమ్ము చేరితే మిల్లీ ఆంపియర్లు తప్పొస్తాయి, మెత్తని గుడ్డతో తుడుస్తూ ఉండండి.

కొట్లోనే మూడు పరీక్షలు చేయించి తీసుకోండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలిగించి ఒక్క వైరుకు పెడితే 230 ఓల్టుల దగ్గర 0.43 ఆంపియర్లు రావాలి. రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా, మహా అయితే రెండు మూడు మిల్లీలు. డీసీలో జీరో నొక్కి దవడను నాలుగైదుసార్లు తెరిచి మూస్తే అంకె మళ్ళీ అక్కడికే రావాలి. ప్రతిసారీ ఇరవై ముప్ఫై మిల్లీలు ఎగిరిపడుతుంటే ఆ పీసు వద్దని, ఇంకోటి తీయించండి.