నాలుగేళ్ళ వాడకం తర్వాత: మల్‌డ్రిఫ్టర్ కోసం కట్టుకున్న కంట్రోల్ డెక్

రాజమండ్రిలో మా మావయ్య నా మ్యాజిక్ ద గ్యాదరింగ్ డెక్ చేతిలోకి తీసుకుని, పేక కలిపినట్టు చకచకా కలిపేసి, "ఇందులో జోకర్ ఏదిరా?" అన్నాడు. మల్‌డ్రిఫ్టర్ తీసి చూపించాను. గాల్లో ఈదే చేపలాంటి నీలం జీవి. అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ బావుంది. ఏం చేస్తుంది?" అన్నాడు.

"రెండు ముక్కలు తెచ్చిపెడుతుంది."

"అంతేనా?"

అంతే. ఆ రెండు ముక్కల మీద మోజుతోనే 2021 చివర్లో ఈ డెక్ కట్టాను. అప్పట్నుంచి టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా ఇంటి దగ్గరి కార్డుల షాపులో దాదాపు ప్రతి శుక్రవారం ఇదే ఆడుతున్నాను. మధ్యలో వేరే డెక్కులు కొన్నాను, అమ్మేశాను కూడా. ఇది మాత్రం ఉండిపోయింది. "నాకిష్టమైన కార్డులతోనే కంట్రోల్ కడతాను" అని పట్టుబట్టే మొండివాళ్ళ కోసం ఈ సమీక్ష (కంట్రోల్ అంటే ఎదుటివాడి ఎత్తులు ఆపుతూ నిదానంగా గెలిచే డెక్). నేనూ ఆ బాపతే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: ఆట మ్యాజిక్ ద గ్యాదరింగ్, 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసింది. అందులో నేనాడేది పాపర్ ఫార్మాట్. ఎప్పుడైనా ఒకసారి 'కామన్'గా (తేలిగ్గా దొరికే రకంగా) అచ్చయిన కార్డులు మాత్రమే వాడాలి. డెక్‌లో కనీసం 60, సైడ్‌బోర్డ్‌లో (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డుల్లో) 15, బేసిక్ లాండ్లు తప్ప ఏదీ నాలుగుకు మించకూడదు. లాండ్లంటే మానా ఇచ్చే కార్డులు, మానా అంటే మిగతా కార్డులు వెయ్యడానికి కట్టే ఖర్చు. పాపర్ అంటే బీదవాడని పేరు చూసి చిన్నచూపు చూడకండి. కౌంటర్‌స్పెల్, బ్రెయిన్‌స్టార్మ్, లైట్నింగ్ బోల్ట్ అన్నీ ఇక్కడున్నాయి. డెక్ మొత్తానికి నాకైన ఖర్చు నలుగురం వెళ్ళి బిర్యానీ తిన్నంత. స్లీవ్స్ (కార్డులకి తొడిగే కవర్లు) ఖరీదు కలిపితే ఐదోవాణ్ణి కూడా తీసుకెళ్ళొచ్చు.

మొదటి డెక్ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. మల్‌డ్రిఫ్టర్ నాలుగు, ఆర్కియోమాన్సర్ నాలుగు, మ్నెమోనిక్ వాల్ రెండు, ఎఫెమరేట్ నాలుగు, ఘోస్ట్లీ ఫ్లికర్ మూడు, కాప్‌సైజ్ మూడు. ఇష్టమైనవన్నీ బారులు తీరాయి. ఎదుటివాడి క్రీచర్లను (టేబుల్ మీద నిలిచి కొట్టే జీవుల్ని) తీసెయ్యడానికి జర్నీ టు నోవేర్ రెండంటే రెండు. పెళ్ళివారంతా వచ్చి కూర్చున్నారు గానీ వంటవాణ్ణి పిలవలేదు. ఎర్ర డెక్ (ఎర్ర రంగు కార్డులతో వేగంగా దెబ్బతీసేది) పట్టుకొచ్చిన కుర్రాడు నాలుగో టర్న్‌కల్లా నన్ను ముగించేసి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నా చేతిలో నాలుగు మానావి, ఐదు మానావి అందంగా ఆరు కార్డులు.

తప్పు కార్డులది కాదు. చేతిలో ఉన్నప్పుడు నచ్చేవీ, ఓడిపోతున్నప్పుడు అక్కరకొచ్చేవీ వేరని నాకు తట్టలేదు.

అసలు మోజు ఎక్కడుందో చెబుతాను. మల్‌డ్రిఫ్టర్ మామూలుగా ఐదు మానా: 2/2 (కొట్టే దెబ్బ రెండు, తట్టుకునేది రెండు), ఎగురుతుంది, వస్తూనే రెండు కార్డులు ఇస్తుంది. ఎవోక్ పద్ధతిలో మూడు మానాకే దించొచ్చు, కాకపోతే వచ్చినట్టే వచ్చి గ్రేవ్‌యార్డ్‌కి (వాడేసిన కార్డుల గుట్టలోకి) పోతుంది. ఆ పోవడం ఇంకా అమలవకుండా వరసలో (స్టాక్‌లో) ఉండగానే ఒక్క తెల్ల మానాతో ఎఫెమరేట్ వేస్తే మల్‌డ్రిఫ్టర్ ఒక్క క్షణం మాయమై మళ్ళీ వస్తుంది. ఆట లెక్కలో అది కొత్త మల్‌డ్రిఫ్టర్, పాత చావు దానికి వర్తించదు. మళ్ళీ రెండు కార్డులు. ఎఫెమరేట్‌కి రీబౌండ్ ఉంది కాబట్టి నా తర్వాతి అప్‌కీప్‌లో (టర్న్ మొదట్లో, కార్డు లాగకముందు) అదే మళ్ళీ ఉచితంగా పడుతుంది, ఇంకో రెండు. నాలుగు మానాకి ఆరు కార్డులు, పైగా టేబుల్ మీద ఎగిరే జీవి. ఇన్నేళ్ళయినా ఇది కుదిరిన ప్రతిసారీ చెయ్యి కొంచెం వణుకుతుంది.

రీబౌండ్‌తో తంటా ఏమిటంటే మర్చిపోతాం. టర్న్ రాగానే చెయ్యి అలవాటుగా డెక్ మీదకి పోతుంది. కార్డు లాగేశాక అప్‌కీప్ అయిపోయినట్టే, ఎఫెమరేట్ గోవిందా. మొదటి ఏడాది ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు ఎఫెమరేట్ వేసిన వెంటనే డెక్ మీద ఒక రూపాయి బిళ్ళ పెడతాను. కార్డు లాగాలంటే ముందు బిళ్ళ తియ్యాలి, తీస్తే గుర్తొస్తుంది. షాపులో ఆ బిళ్ళ నాకంటే ఫేమస్.

ఇంకో లోపం అంత నవ్వులాట కాదు. ఎఫెమరేట్ వేసినప్పుడు ఎదుటివాడు దానికి బదులుగా నా క్రీచర్‌ని చంపేస్తే ఎఫెమరేట్ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అది నేరుగా గ్రేవ్‌యార్డ్‌కి పోతుంది, రీబౌండ్ కూడా ఉండదు. అందుకే ఎదుటివాడి దగ్గర ఎర్ర మానా ఒక్కటి వాడకుండా మిగిలి ఉన్నా ఆగుతాను. ఆగడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఆర్కియోమాన్సర్ దీనికి జంట. నాలుగు మానా, 1/2, వస్తూనే గ్రేవ్‌యార్డ్ నుంచి ఒక ఇన్‌స్టంట్‌నో సార్సరీనో (ఒకసారి పనిచేసి పోయే మంత్రాల్ని) చేతికి తెస్తుంది. దాని మీద ఎఫెమరేట్ వేస్తే, చేతిలోంచి వేసిన ఎఫెమరేట్ అప్పటికి గ్రేవ్‌యార్డ్‌లో ఉండదు, రీబౌండ్ కోసం పక్కకి పోయి ఉంటుంది. కాబట్టి వాడేసిన కౌంటర్‌స్పెల్ లాంటిదేదో చేతికొస్తుంది. తర్వాతి అప్‌కీప్‌లో రీబౌండ్ పడినప్పుడు మాత్రం ఎఫెమరేటే గ్రేవ్‌యార్డ్‌లో దొరుకుతుంది, దాన్నే వెనక్కి తెచ్చుకోవచ్చు. చక్రం మళ్ళీ మొదలు. ఇది తిరగడం మొదలయ్యాక ఎదుటివాడు ఏం వేసినా నా దగ్గర జవాబు ఉంటుంది. అయినా నాలుగు పెట్టుకోవడం దండగ. రెండో టర్న్‌లో చేతిలో రెండు ఆర్కియోమాన్సర్లుంటే తెచ్చుకోవడానికి గ్రేవ్‌యార్డ్‌లో ఏముంటుంది? రెండుకి తగ్గించాను. అదే పని చేసే మ్నెమోనిక్ వాల్స్ తీసేశాను, ఎఫెమరేట్ లాంటిదే అయిన ఘోస్ట్లీ ఫ్లికర్ ఒక్కటే మిగిలింది.

కాప్‌సైజ్‌ని తియ్యడానికి మాత్రం మనసొప్పలేదు. 1997లో టెంపెస్ట్ సెట్‌లో వచ్చిన కార్డు. మూడు మానాకి టేబుల్ మీదున్న ఏ కార్డునైనా యజమాని చేతికి తిప్పి పంపుతుంది. ఇంకో మూడు కడితే కాప్‌సైజ్ కూడా నా చేతికే తిరిగొస్తుంది. ఆరు మానా ఉంటే ప్రతి టర్న్ ఎదుటివాడి లాండ్‌ని లేపి వాడి చేతిలో పెట్టొచ్చు. మా బావమరిదితో ఇంట్లో ఆడినప్పుడు వరసగా ఐదు టర్న్‌లు అలా చేశాను. వాడు కార్డులు టేబుల్ మీద పెట్టేసి, "బావా, నన్ను ఆడనిస్తావా, నువ్వొక్కడివే ఆడుకుంటావా?" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి, "వాణ్ణి ఆడనివ్వండీ" అంది. ఆ రోజు నేనే గెలిచాను. షాపులో మాత్రం ఆరు మానా వచ్చేదాకా నన్ను బతకనిచ్చిన డెక్కులు తక్కువ. మూడు కాస్తా రెండై, ఒకటై, చివరికి డబ్బాలోకి పోయింది.

దాని చోట్లో వచ్చింది నేనెప్పుడూ ఇష్టపడని కార్డు: లోన్ మిషనరీ. రెండు మానా, 2/1, వస్తూనే నాకు నాలుగు లైఫ్ (ప్రాణం పాయింట్లు). బొమ్మలో విశేషం లేదు, మాటల్లోనూ లేదు. ఎర్ర డెక్‌ల మీద ఇది చేసే పని చూశాకే నోరు మూసుకున్నాను. రెండో టర్న్ మిషనరీ, మూడో టర్న్ ఎఫెమరేట్, నాలుగో టర్న్ అప్‌కీప్‌లో రీబౌండ్: మొత్తం పన్నెండు లైఫ్, అంటే మూడేసి దెబ్బతీసే లైట్నింగ్ బోల్ట్‌లు నాలుగు. ఇంకో మేలు కూడా ఉంది. ఒక రంగు నుంచి ఆ టర్న్‌లో వచ్చే దెబ్బలన్నీ ఆపే ప్రిస్మాటిక్ స్ట్రాండ్స్‌ని గ్రేవ్‌యార్డ్ నుంచి రెండోసారి వాడాలంటే ఒక తెల్ల క్రీచర్‌ని ట్యాప్ చెయ్యాలి (వాడినట్టు గుర్తుగా పక్కకి తిప్పాలి). నా ముద్దుల క్రీచర్లన్నీ నీలం. తెల్లది ఈ మిషనరీ ఒక్కడే. మల్‌డ్రిఫ్టర్ దిగేదాకా నన్ను బతికించేది ఇతనే, ఇప్పుడు మూడు పెట్టాను.

కౌంటర్‌స్పెల్ గురించి కొత్తగా చెప్పేదేముంది, రెండు నీలం మానా, ఎదుటివాడు వేసే ఏ స్పెల్లైనా (లాండ్ కాని ఏ కార్డైనా) రద్దు. కష్టం వెయ్యడంలో లేదు, వెయ్యకుండా ఉండటంలో ఉంది. మొదట్లో ఎదుటివాడు ఏది వేసినా "కౌంటర్" అనేవాణ్ణి. తెలివైనవాడు ముందు చిల్లర క్రీచర్ ఒకటి వేసి, నా కౌంటర్ ఖర్చయ్యాక అసలుది దించేవాడు. ఇప్పుడు ప్రతి స్పెల్‌కీ ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇది దిగితే నా దగ్గర వేరే మందు ఉందా? జర్నీ టు నోవేర్‌తో పోయేదైతే దిగనిస్తాను. పోనిదైతేనే కౌంటర్. మావయ్యకి ఈ ముక్క చెబితే వెంటనే పట్టేశాడు. "రమ్మీలో ఎదుటివాడికి కావలసిన ముక్క గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవడమన్నమాట" అన్నాడు. సరిగ్గా అదే కాదుగానీ, ఇంతకంటే దగ్గరగా ఇంకెవరూ చెప్పలేదు.

లాండ్ల లెక్క చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మొదట 22 పెట్టాను. ఏడు కార్డుల చేతిలో సగటున 2.57 లాండ్లు. 24 పెడితే 2.8. కాగితం మీద తేడా గోరంత. నాలుగో టర్న్‌లో నాలుగో లాండ్ లేక గోళ్ళు గిల్లుకుంటున్నప్పుడు తెలుస్తుంది అదెంతో. 2023లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సెట్‌లో లోరియన్ రివీల్డ్ వచ్చాక ఈ గొడవ చాలావరకు తీరింది. ఐదు మానా ఉంటే మూడు కార్డులు ఇస్తుంది, లేకపోతే ఒక్క మానాతో దాన్ని పారేసి డెక్‌లోంచి ఒక ఐలాండ్ (నీలం మానా ఇచ్చే లాండ్) తెచ్చుకోవచ్చు. ఐడిలిక్ బీచ్‌ఫ్రంట్ అనే లాండ్ ఐలాండూ అవుతుంది, తెల్ల మానా ఇచ్చే ప్లెయిన్సూ అవుతుంది కాబట్టి దాన్నీ తెస్తుంది, తెల్ల మానా బెంగ కూడా తీరుతుంది. ఇప్పుడు లాండ్లు 21, లోరియన్ నాలుగు. ఈ డెక్‌కి నేను చేసిన మార్పులన్నిట్లోకీ మంచిది ఇదే, ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు.

సైడ్‌బోర్డ్‌లో ఎర్ర కార్డుల్ని ఆపే హైడ్రోబ్లాస్ట్ లేకుండా గడప దాటకండి. ఆర్టిఫాక్ట్‌లతో (యంత్రాలు, వస్తువుల కార్డులతో) నిండిన అఫినిటీ డెక్‌ల కోసం డస్ట్ టు డస్ట్ ఉంచాను. 1994 నాటి కార్డు, మూడు మానాకి రెండు ఆర్టిఫాక్ట్‌లని ఆటలోంచే తీసేస్తుంది. 2021లో మోడర్న్ హొరైజన్స్ 2తో వచ్చిన బ్రిడ్జి లాండ్లు ఆర్టిఫాక్ట్‌లు కూడా, పగలగొడితే పగలవు, కానీ దీనికి పగలగొట్టే పనే లేదు. నేను కట్టిన కొత్తలో అందరూ భయపడింది అఫినిటీలోని అటాగ్ అనే క్రీచర్‌కి. 2022 జనవరిలో దాన్ని నిషేధించారు. దాని కోసం ప్రత్యేకంగా కొన్న కార్డులు ఇప్పటికీ కవర్‌లోనే ఉన్నాయి. రెలిక్ ఆఫ్ ప్రొజెనిటస్ కొనేముందు మాత్రం ఆలోచించండి. అది పేలితే అందరి గ్రేవ్‌యార్డ్‌లూ ఖాళీ అవుతాయి, మీ ఆర్కియోమాన్సర్ కూడా చేతులు ఊపుకుంటూ వస్తుంది.

దేని మీద ఓడిపోతుందంటే, బోగల్స్ డెక్ మీద. హెక్స్‌ప్రూఫ్ (ఎదుటివాడు గురిపెట్టలేని రక్షణ) ఉన్న క్రీచర్‌ని జర్నీ ముట్టుకోలేదు. మొదటి టర్న్‌లోనే దిగితే కౌంటర్‌కీ అందదు. ఆ తర్వాత దాని మీద ఒక్కో ఆరా (బలం పెంచే మంత్రం) ఎక్కుతుంటే చూస్తూ కూర్చోవడమే. ట్రాన్ డెక్ కూడా చేదే. మూడు లాండ్లతో ఏడు మానా తీసి, నేను చేసే పనులే నాకంటే పెద్దగా చేస్తుంది. ఓపికలో నన్ను మించినవాడు ఎదురైతే నా డెక్ దగ్గర రెండో ఉపాయం లేదు.

ఇక అసలు ఫిర్యాదు: గడియారం. రౌండ్‌కి 50 నిమిషాలు, మూడింట్లో రెండు గెలవాలి. ఒక్క మల్‌డ్రిఫ్టర్‌తో 20 లైఫ్ తియ్యాలంటే పది దెబ్బలు, అంటే పది టర్న్‌లు. ఆట నా చేతిలోకి వచ్చేశాక కూడా అది ముగియదు. టైమ్ అయ్యాక ఐదు టర్న్‌లు ఇస్తారు, ఆ లోపు తేలకపోతే డ్రా. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రాకి ఒకటే. ఒక శుక్రవారం నాలుగు రౌండ్లలో రెండు డ్రాలు చేసుకుని, ఒక్క రౌండ్ కూడా ఓడకుండా బహుమతి లేకుండా ఇంటికొచ్చాను. అప్పట్నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. ఎదుటివాడి టర్న్‌లోనే నా టర్న్ ఆలోచించి పెట్టుకుంటాను. మొదటి ఆట ఓటమి ఖాయమనిపిస్తే పట్టుకు వేలాడకుండా ఒప్పేసుకుని రెండోది మొదలుపెడతాను. ఈ రెండో అలవాటు చెప్పినంత తేలిక కాదు, కంట్రోల్ ఆడేవాడికి 'ఇంకా బతికే ఉన్నాగా' అనే జబ్బు ఉంటుంది.

వాడకంలో అరుగుదల సంగతి. మోజు కొద్దీ ఫాయిల్ (మెరిసే పూత ఉన్న) మల్‌డ్రిఫ్టర్ ఒకటి కొన్నాను. వానాకాలంలో రాజమండ్రి తీసుకెళ్తే నాలుగు రోజుల్లో వేగిన అప్పడంలా వంగింది. తిరిగొచ్చాక షాపులో జడ్జి డెక్‌ని పక్కనుంచి చూసి, "ఆ కార్డు ఎక్కడుందో నాకే తెలిసిపోతోంది, మార్చెయ్యండి" అన్నాడు. ఆనవాలు పెట్టిన కార్డు కింద లెక్క మరి. ఇప్పుడది డబ్బాలో కాప్‌సైజ్‌ల పక్కన ఉంది, డెక్‌లో నాలుగూ మామూలువే. మ్యాట్ స్లీవ్స్ ఏడాదికొకసారి మారుస్తాను. కంట్రోల్‌లో కార్డులు చేతిలో ఎక్కువసేపు ఉంటాయి, చెమటకి అంచులు త్వరగా పోతాయి.

మొదటి డెక్‌లో ఇష్టపడి పెట్టినవి ఇరవై. వాటిలో ఇప్పుడు మిగిలినవి పదకొండు: మల్‌డ్రిఫ్టర్, ఎఫెమరేట్ నాలుగేసి, ఆర్కియోమాన్సర్ రెండు, ఫ్లికర్ ఒకటి. మల్‌డ్రిఫ్టర్లు నాలుగెందుకు, చేతిలోకి మూడోది వస్తే బరువే, డెక్‌లో మూడు చాలని షాపులో చాలామంది చెప్పారు. వాళ్ళన్నది నిజమే. అయినా తియ్యను.

వచ్చే శుక్రవారానికి కాప్‌సైజ్ ఒక్కటి మళ్ళీ పెట్టి చూద్దామనుంది. జర్నీ ఒకటి తియ్యాలి. బావమరిదికి ఇంకా చెప్పలేదు.