జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) డేటాబేస్ రికార్డు మార్చడానికి సేవ్ మేలా, అప్‌డేట్ మేలా?

ఒక్క రికార్డైతే గెట్‌తో తెచ్చి, ఫీల్డు మార్చి, సేవ్ పిలవండి. సిగ్నళ్లు (సేవ్ జరిగిందని మిగతా కోడ్‌కు అందే కబుర్లు) పనిచేస్తాయి, ఆటో నౌ (సేవ్ చేసిన ప్రతిసారీ అప్పటి సమయం నింపే ఆప్షన్) పెట్టిన తేదీ కూడా మారుతుంది. చిక్కల్లా ఒకటే: సేవ్ మామూలుగా అన్ని ఫీల్డులనూ తిరిగి రాస్తుంది. ఈలోపు ఇంకెవరో అదే రికార్డులో, ఉదాహరణకు, స్టాకు అంకె మార్చి ఉంటే, మీ దగ్గరున్న పాత అంకె దాన్ని తుడిచేస్తుంది. సేవ్‌కు ఇచ్చే అప్‌డేట్ ఫీల్డ్స్ జాబితాలో మార్చిన ఫీల్డు పేరే ఇస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. అప్పుడు ఆటో నౌ తేదీ ఫీల్డు పేరూ అందులో చేర్చాలి, లేదంటే అది సేవ్ కాదు.

వందల వరుసలైతే ఫిల్టర్ పెట్టి అప్‌డేట్ వాడండి. ఒకే ఎస్‌క్యూఎల్ ఆదేశంతో పని అయిపోతుంది. సిగ్నళ్లు మాత్రం రావు, తేదీ మారదు. ఫిల్టర్ మరిచారో, టేబుల్ మొత్తం మారిపోతుంది! గెట్ ఇచ్చిన ఆబ్జెక్టు మీద అప్‌డేట్ పిలిస్తే ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. అప్‌డేట్ క్వెరీసెట్‌కే (ఫిల్టర్ ఇచ్చే రికార్డుల సమితికే) ఉంది. స్టాకు తగ్గించాలంటే ఎఫ్ ఎక్స్‌ప్రెషన్‌తో (డేటాబేస్‌లో ఆ ఫీల్డుకున్న విలువను సూచించేది) అప్‌డేటే నయం, తీసివేత డేటాబేస్‌లోనే జరుగుతుంది.