మూడు సెట్లు, 1,40,000 కిలోమీటర్లు: ఎస్‌యూవీకి వేసిన ఆల్ సీజన్ టైర్లపై సమీక్ష

ఒకే ఎస్‌యూవీకి తొమ్మిదేళ్లలో మూడు రకాల ఆల్ సీజన్ టైర్లు వేసి, మొత్తం 1,40,000 కిలోమీటర్లు నడిపిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. టైరు వేయించిన మొదటి నెలలోనే రాసే అభిప్రాయాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, ఎందుకంటే మొదటి నెలలో నేను అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్న సెట్టే సగం అరిగేసరికి నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. కంపెనీల పేర్లు చెప్పడం లేదు. ఒకే పేరుతో అమ్మే టైరు సైజును బట్టి, తయారైన కర్మాగారాన్ని బట్టి కొంత మారుతుంది కనుక, పేరుకంటే రకం గురించి చెప్పుకోవడమే ఉపయోగకరమని నా అభిప్రాయం.

వాహనం నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే మధ్యస్థాయి ఎస్‌యూవీ. ఖాళీగా 1,750 కిలోల బరువు ఉంటుంది. టైరు సైజు 235/60 ఆర్18. మొదటి సెట్టు హైవే ప్రయాణానికి ఉద్దేశించినది. దాని సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద ఎం ప్లస్ ఎస్ అన్న ముద్ర తప్ప మంచుకు సంబంధించిన మరే గుర్తూ లేదు. రెండోది బాణం ఆకారంలో గాడులు ఉండి, ఒకే దిశలో తిరగవలసిన టైరు. దాని మీద మూడు శిఖరాల మధ్య మంచు రేకు ఉన్న గుర్తు ఉంది. మూడోది కంకర దారులకు కూడా పనికొచ్చే తేలికపాటి ఆల్ టెరైన్ రకం; దానికీ ఆ మంచు రేకు గుర్తు ఉంది.

ఈ రెండు గుర్తుల మధ్య తేడా తెలియక మొదటిసారి నేను పొరపాటు పడ్డాను. ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు అని అర్థం చెబుతారు గాని, అది ప్రధానంగా ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల భాగం, ఆకృతిని చూసి తయారీదారు వేసుకునే ముద్ర. దాని కోసం మంచు మీద పరీక్ష నెగ్గవలసిన అవసరం లేదు. మంచు రేకు గుర్తు మాత్రం గట్టిపడిన మంచు మీద నిర్ణీత స్థాయి పట్టు చూపిన టైరుకే ఇస్తారు. జర్మనీలో 2018 నుంచి తయారైన టైర్లకు ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే వాటిని శీతాకాలపు టైర్లుగా లెక్కించకపోవడానికి కారణం ఇదే. అయితే మంచు రేకు గుర్తు ఉన్న టైరు కూడా అద్దంలా గడ్డకట్టిన దారి మీద అద్భుతాలేమీ చేయదు. నా రెండో సెట్టు మంచు కప్పిన కొండ దారిని తడబడకుండా ఎక్కింది. అదే దారి మరునాటి ఉదయం గడ్డకట్టి ఉండగా దిగేటప్పుడు నడక వేగానికి మించి పోనీయలేదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు బయలుదేరడానికి సాయపడుతుంది గాని ఆగడానికి కాదన్న సంగతి ఆ ఉదయం నాకు బాగా అర్థమైంది.

అసలు విషయం వాన. మొదటి సెట్టు కొత్తగా ఉన్నప్పుడు, అంటే ట్రెడ్ లోతు 8 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు, తడి రోడ్డు మీద ఏ లోపమూ కనబడలేదు. పైగా చప్పుడు లేదు, స్టీరింగ్ తేలిక, గతుకులు లోపలికి తెలియవు. సుమారు 28,000 కిలోమీటర్లు దాటి లోతు 4 మిల్లీమీటర్లకు వచ్చేసరికి, అదే వేగంతో, అదే మలుపులో, ముందు చక్రాలు నీటి మీద తేలుతున్నట్టు స్టీరింగ్ ఒక్కసారిగా చేతిలో వదులైపోవడం మొదలైంది. చట్టం చాలా దేశాల్లో 1.6 మిల్లీమీటర్ల దాకా అనుమతిస్తుంది, గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తులు కూడా ఆ ఎత్తులోనే ఉంటాయి. నా అనుభవంలో ఈ రకం టైరు అంతకు చాలా ముందే వానకు పనికిరాకుండా పోయింది. కారణం వెతికితే టైరు మీదే కనిపించింది. ట్రెడ్ దిమ్మెల మీద కత్తితో గీసినట్టుండే సన్నటి చీలికలు పూర్తి లోతు వరకు లేవు. పై పొర అరిగిపోగానే చీలికలు మాయమై, నీటి పొరను చీల్చడానికి నున్నటి రబ్బరు దిమ్మెలు మాత్రమే మిగిలాయి.

రెండో సెట్టులో ఆ చీలికలు దాదాపు అడుగు వరకూ ఉన్నాయి. 35,000 కిలోమీటర్ల దగ్గర, లోతు 4 మిల్లీమీటర్లకు దిగినప్పుడు కూడా వానలో బ్రేకు వేస్తే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తొందరపడి పనిచేయలేదు. దుకాణంలో ఈ తేడా ఎవరూ చూపించరు. కొనేముందు చీలికలోకి గట్టి కాగితం అంచు దూర్చి ఎంత లోతుకు పోతుందో నేనే చూసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త రకం కారు టైర్లకు అనుమతి ఇచ్చేటప్పుడు అరిగిన స్థితిలో తడి పట్టును కూడా పరీక్షించాలన్న నిబంధన వచ్చింది. ఎప్పుడో రావలసిన నిబంధన అది.

రెండో సెట్టుకు లోపాలు లేవని కాదు. చలిలోనూ మెత్తగా ఉండేలా కలిపిన రబ్బరు కనుక, మండుటెండలో నిండా సామానుతో వేగంగా వెళుతూ లేను మారితే వాహనం ఒక క్షణం ఆలస్యంగా మాట విన్నట్టు అనిపించేది. పైగా ఒకే దిశలో తిరగవలసిన టైర్లను రొటేషన్ చేసేటప్పుడు, అంటే సమానంగా అరగడానికి వాటి స్థానాలు మార్చేటప్పుడు, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి అదే పక్కన మార్చగలమే గాని, రిమ్ము నుంచి తీసి తిరిగి ఎక్కిస్తే తప్ప ఎడమవి కుడికి మార్చలేము. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నేను ఒకసారి రొటేషన్ 10,000 కిలోమీటర్లకు బదులు 18,000 దాకా వాయిదా వేసినందుకు గట్టి ఫలితమే అనుభవించాను. వెనక చక్రాల దగ్గర నుంచి విమానం హోరు లాంటి శబ్దం మొదలైంది. వీల్ బేరింగ్ పోయిందని మెకానిక్ తేల్చాడు, బేరింగు మార్చాము, హోరు అలాగే ఉంది. చివరకు టైరు మీద అరచేతితో నిమిరి చూస్తే ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా గరుకుగా తగిలింది. ముందుకు మార్చాక నాలుగు వేల కిలోమీటర్లలో శబ్దం చాలావరకు సద్దుమణిగింది. బేరింగుకు పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

మూడో సెట్టు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కంకర దారిలో నిశ్చింత. పదునైన రాళ్ల మీద కూడా దిమ్మెలు పెచ్చులూడలేదు. హైవే మీద మాత్రం మొదటి రోజు నుంచే గుయ్యిమనే శబ్దం ఉంది, గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లను అప్పుడప్పుడు స్క్రూడ్రైవరుతో తీయవలసి వస్తుంది. నెలకు ఒకసారి కూడా మట్టి దారి తొక్కని వాళ్లు దీన్ని రూపం చూసి కొనడం అనవసరం.

ఇంధనం లెక్క కూడా రాసిపెట్టుకున్నాను: లీటరుకు మొదటి సెట్టుతో 12.4, రెండోదానితో 12.1, మూడోదానితో 11.5 కిలోమీటర్లు వచ్చాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ సైజు టైరు 8 మిల్లీమీటర్ల నుంచి 2కు అరిగితే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది, దానితో నడిచిన దూరం చూపే ఓడోమీటరు సుమారు ఒకటిన్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. అందువల్ల అరిగిన టైరు మైలేజీ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. పై అంకెలు మూడింటినీ సగం అరిగిన దశలోనే తీసుకున్నాను.

మన్నిక విషయంలో సైడ్‌వాల్ మీది ట్రెడ్‌వేర్ అంకెను (ఎంత ఎక్కువుంటే టైరు అంత ఎక్కువ కాలం మన్నుతుందని సూచించేది) నమ్మి మోసపోయాను. అమెరికా పద్ధతిలో 100 అంకె ఉన్న ప్రమాణ టైరుతో పోల్చి ఇచ్చే ఈ అంకెను తయారీదారే ప్రకటిస్తాడు. నా మొదటి సెట్టు మీద 740, రెండోదాని మీద 640 ఉన్నాయి. నడిచింది మాత్రం మొదటిది 46,000, రెండోది 51,000 కిలోమీటర్లు. ఇందులో కొంత తప్పు నాదే. మొదటి సెట్టు కాలంలో గాలి ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు, అదీ వాహనం నడిపి టైర్లు వేడెక్కాక చూసేవాడిని. బయటి ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్‌ఐ తగ్గుతుందని, అంకెను డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూసి పెట్టాలే గాని సైడ్‌వాల్ మీది గరిష్ఠ అంకెను కాదని తెలిశాక, రెండో సెట్టు అంచుల్లోనూ మధ్యలోనూ సమానంగా అరిగింది.

బరువు సూచిక సంగతి కూడా ఎస్‌యూవీ ఉన్నవాళ్లు చూసుకోవాలి. ఇదే సైజులో 103 అని ఉంటే ఒక్కో టైరు 875 కిలోలు, 107 అని ఉంటే 975 కిలోలు మోస్తుంది. వాహనంతో వచ్చినదానికంటే తక్కువ సూచిక ఉన్న టైరును, ధర తగ్గిందని, నాకు ఒకసారి అంటగట్టబోయారు.

మూడో సెట్టు ఇప్పుడు 43,000 కిలోమీటర్ల దగ్గర 3.4 మిల్లీమీటర్లకు చేరింది. వానలు మొదలయ్యేలోపు దాన్ని తీసేసి, మళ్లీ రెండో రకమే, 107 సూచికతో, నాలుగూ ఒకేసారి వేయించబోతున్నాను. బిగించేముందు సైడ్‌వాల్ మీద ఉండే డాట్ సంకేతంలోని చివరి నాలుగంకెలు, అంటే తయారైన వారమూ సంవత్సరమూ, నాలుగు టైర్ల మీదా నేనే చదివి చూసుకుంటాను.