ఉదయగిరి దుర్గం: ఎక్కడం సగం, అంచు వెంట నడక సగం

ఉదయగిరి కొండ ఎక్కామని చెప్పేవాళ్ళు మా నెల్లూరులో చాలామందే ఉన్నారు. పైన మసీదు దాకా వెళ్ళాం, ఫోటోలు తీసుకున్నాం, దిగొచ్చాం అంటారు. ఇరవై ఏళ్ళ కిందట కాలేజీ రోజుల్లో నేనూ అంతే చేశాను. 2024 సంక్రాంతి సెలవుల్లో మా బావతో, ఇంటర్ చదివే మేనకోడలితో మళ్ళీ వెళ్ళినప్పుడు తెలిసింది, అప్పట్లో నేను చూసింది సగమేనని. పైకెక్కాక కొండ అంచు పట్టుకుని ఒక చుట్టు తిరిగి రావాలి. ఆ నడక గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు బస సంగతి. నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వంద కిలోమీటర్ల లోపే. అందుకని చాలామంది పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇంటికొచ్చేద్దాం అనుకుంటారు. అలా చేయకండి. కొండ కిందికి చేరేసరికి తొమ్మిదవుతుంది, అప్పటికే బండలు వేడెక్కుతాయి. ముందు రోజు రాత్రి ఉదయగిరిలోనే పడుకోవాలి. మేం ఫోన్లో రెండు గదులు చెప్పి అడ్వాన్సు కూడా పంపాం. తీరా వెళ్తే ఒకటే ఖాళీగా ఉందన్నారు. రాత్రి తొమ్మిదికి నీళ్ళు ఆగిపోయాయి. అడిగితే మోటారు కాలిపోయిందని చెప్పి రెండు బకెట్లు తెచ్చిపెట్టారు. అమ్మాయిని తీసుకెళ్ళినప్పుడు ఇలా జరిగితే ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. దుప్పట్లు మాత్రం ఉతికినవే. గదికి 900 తీసుకున్నారు. ఇంత జరిగినా, మళ్ళీ వెళ్తే రాత్రి ఉదయగిరిలోనే ఉంటాను. కాకపోతే అడ్వాన్సు పంపేముందు ఏ గదులు ఇస్తున్నారో నంబర్లు అడిగి తెలుసుకుంటాను.

గైడు అనే మాట అక్కడ వినపడదు. టీ కొట్టు దగ్గర అడిగితే కొండ మీద మేకలు కాసే ఒక తాతను చూపించారు. అరవై దాటిన మనిషి. రోజంతా మాతో ఉండి దారి చూపడానికి 800కి ఒప్పుకున్నాడు. ఆ ప్రయాణంలో మేం పెట్టిన ఖర్చులన్నిట్లో ఇంత విలువైనది ఇంకోటి లేదు. ఐదున్నరకల్లా చేతికర్ర పట్టుకుని లాడ్జి ముందు నిలబడ్డాడు. "నీళ్ళెన్ని తీసుకున్నారు అబ్బయా?" అనేదే మొదటి మాట. మనిషికి రెండు లీటర్లని చెబితే తల అడ్డంగా ఊపాడు. ఆయన మాట విని ఇంకో రెండేసి సీసాలు కొనుక్కోవాల్సింది.

కొండ ఎత్తు 3,079 అడుగులని పాత గెజిటీర్లలో ఉంది. కోట మొత్తం పదమూడు భాగాలు, ఎనిమిది కొండ మీద, ఐదు కింద. ఎక్కేకొద్దీ గోడ తర్వాత గోడ, వాకిలి తర్వాత వాకిలి వస్తూనే ఉంటాయి. కొన్నిచోట్ల దారి ఎంత సన్నగా ఉందంటే, ఒకరి వెనక ఒకరం తప్ప పక్కపక్కన నడవలేకపోయాం. ఈ కోట కోసం కృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతులతో దాదాపు ఏడాదిన్నర పోరాడాడు. 1513లో మొదలైన ముట్టడి అది. మనుషులు ఒక్కొక్కరుగా తప్ప పోలేని ఒకే ఒక దారి ఉండేదని, రాయలు దాన్ని వెడల్పు చేయించాకే కోటను సమీపించగలిగాడని పోర్చుగీసు వాడైన నూనిజ్ రాశాడు. పుస్తకంలో చదివినప్పుడు అది నాకు ఒక వాక్యం మాత్రమే. అక్కడ చెయ్యి గోడకానించి, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ నడిచినప్పుడు ఏడాదిన్నర ఎందుకు పట్టిందో కాళ్ళకే తెలిసింది.

ఉదయగిరిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకెళ్ళి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. మా మేనకోడలు స్కూల్లో ఉన్నప్పుడు ఆ గుడి చూసొచ్చింది. ఒక మలుపులో ఆగి, "ఈ దారిలో విగ్రహాన్ని ఎలా దించారు మామా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ముగ్గురం కాసేపు ఆ మెట్ల వంక చూస్తూ నిలబడ్డాం.

పైకి చేరడానికి ఆగుతూ ఆగుతూ మూడు గంటలు పట్టింది. గోల్కొండ కాలం నాటి మసీదు, కోనేరు, కూలిన కట్టడాలు చూశాం. కోనేటి గట్టున తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నాం. మాలాగే వచ్చిన ఇంకో గుంపు అక్కడి నుంచే వెనక్కి తిరిగింది. తాత మాత్రం కర్రతో బోదగడ్డి పక్కకు తోస్తూ ముందుకు నడిచాడు.

జనవరిలో బోదగడ్డి నడుం దాకా ఎండి బంగారు రంగులో ఉంటుంది. నలిగితే ఘాటైన వాసన, బట్టలకు ఇంటికి వచ్చాక కూడా పోలేదు. గడ్డి మధ్యలో కలివి పొదలు, పరికి ముళ్ళు. ఫుల్ ప్యాంటు లేకపోతే కాళ్ళు గీసుకుపోతాయి. ఆ గడ్డి దాటగానే ఒక్కసారిగా కొండ అయిపోతుంది. కొన్నిచోట్ల వెయ్యి అడుగుల దాకా నిట్టనిలువు బండ. కింద చెరువులు, చేలు, ఉదయగిరి ఇళ్ళు, ఇటు తిరిగితే వరసగా వెలికొండలు. గద్దలు మా కంటే కింద తిరుగుతుంటే వాటి వీపులు చూశాం.

గండికోట లోయ కూడా నాకు చాలా ఇష్టం. కానీ అక్కడ కారు దిగి కాసేపు నడిస్తే అంచు వచ్చేస్తుంది, సెలవు రోజుల్లో జనం కూడా ఎక్కువ. ఇక్కడ అంచు దగ్గర మేం నలుగురమే. సదుపాయాలు చూస్తే గండికోటే మేలు. ప్రశాంతతకీ, నడిచిన తృప్తికీ మాత్రం నేను ఉదయగిరికే ఓటేస్తాను.

ఒకచోట తాత గొంతు తగ్గించి, "ఆ బండ మీదికి పోబాకండి, అరవబాకండి" అన్నాడు. వంగి చూస్తే చరియ కింద నాలుగైదు పెద్ద తేనెపట్లు, ఒక్కొక్కటి చాటంత ఉంది. ఈగలన్నీ ఒక్కసారి కదిలినప్పుడు పట్టు మీద అల లాగా నలుపు జరిగిపోయింది. మా మేనకోడలు సెంటు కొట్టుకుందేమోనని పొద్దునే ఎందుకు అడిగాడో అప్పుడు అర్థమైంది. పొగ పెట్టడం, రాళ్ళు విసరడం లాంటివి అక్కడ ప్రాణాల మీదికి తెస్తాయి.

పన్నెండున్నరకు నీళ్ళు అయిపోయాయి. కోనేటి నీళ్ళు పచ్చగా ఉన్నాయి, తాగే ధైర్యం చేయలేదు. తిరిగి వచ్చేటప్పుడు నేనూ బావా కాస్త ముందు నడిచి, మేకల బాట ఒకటి చూసి అదే దారనుకున్నాం. వంద గజాలు పోయాక ఎదురుగా ఏమీ లేదు, అంచే! వెనక నుంచి తాత ఈల వేసి పిలవకపోతే ఏం జరిగేదో. దారి పొడవునా మాకు ఒక్క బాణం గుర్తు కూడా కనిపించలేదు. రోప్‌వే, రిసార్టు నేను అడగడం లేదు. బండల మీద పెయింటుతో బాణం గుర్తులు, కొండ కింద తాగునీటి ట్యాంకు, ఆడవాళ్ళకు శుభ్రమైన టాయిలెట్. ఈ మూడూ ఉంటే ఎన్ని కుటుంబాలు వస్తాయో! ఐదున్నర నుంచి నాలుగింటి వరకు మా మేనకోడలు పడ్డ ఇబ్బంది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

సాయంత్రం ఊళ్ళో చెక్క చెంచాలు చేసే ఇంటికి వెళ్ళాం. ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగు ఉంది. నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కతో చేస్తారు. ఒకామె గుమ్మంలో కూర్చుని చెంచా కాడ చివర పువ్వు చెక్కుతోంది. బొటనవేలితో కాడ తిప్పుతూ, అర అంగుళం మేర చిన్న ఆకురాయితో గీస్తూ, ఊదుతూ, మళ్ళీ గీస్తూ. పొట్టు ఆమె చీర కుచ్చిళ్ళలో పిండిలా రాలింది. బేరం చేయడానికి నాకు మనసు రాలేదు. ఆరు చెంచాలు, ఒక అట్లకాడ కొన్నాం. నెల్లూరు షాపుల్లో కాకుండా అక్కడే కొనండి, డబ్బు చేసిన చేతికే పోతుంది.

మర్నాడు కాళ్ళు పట్టేశాయి, అందుకని సీతారాంపురం వైపు కార్లో వెళ్ళాం. ఘటిక సిద్ధేశ్వరంలో అన్నదానం ఉంటుంది. అవధూత కాశినాయన చలవ అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. వేడి అన్నం, పప్పు, చారు, అడిగి అడిగి వడ్డించారు. ప్రయాణం మొత్తంలో తిన్న మంచి భోజనం అదే.

అక్కడి నుంచి, అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న సి.ఎస్.పురం మండలంలోని భైరవకోన. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా. రాతి స్తంభాల కింద సింహాలను చూస్తూ గంటసేపు కూర్చోవచ్చు. జలపాతం మేం వెళ్ళినప్పుడు సన్నటి ధారే. నిండుగా దూకాలంటే వానలు పడ్డ వెంటనే వెళ్ళాలి. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఉదయగిరి కొండ వద్దు, భైరవకోనకు తీసుకెళ్ళండి. పెద్దగా ఎక్కే పని లేదు.

తాత నంబరు బావ ఫోన్లో ఉంది. ఈసారి మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళాలనీ, చుట్టు తిరగడం పడమటి అంచు నుంచి మొదలుపెట్టాలనీ అనుకున్నాం. పొద్దున పూట నీడ అటువైపే ఉంటుందని దిగేటప్పుడు తాతే చెప్పాడు.