జీఫోర్ట్రాన్‌లో ఎఫ్‌పీఈ ట్రాప్: కొన్నేళ్లు వాడిన తర్వాత

ఫోర్ట్రాన్ కోడ్‌ను యంత్రం నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ జీఫోర్ట్రాన్. అది ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది వేగం గురించి కాదు, ‘ఎఫ్‌ఎఫ్‌పీఈ-ట్రాప్’ అనే ఒక్క ఫ్లాగ్ (కంపైల్ చేసేటప్పుడు ఇచ్చే ఎంపిక) గురించి. ఎఫ్‌పీఈ అంటే దశాంశ సంఖ్యల లెక్కల్లో వచ్చే దోషం, ట్రాప్ అంటే అది జరగగానే ప్రోగ్రామ్‌ను ఆపే ఉచ్చు. దానికి ఇన్వాలిడ్ (చెల్లని లెక్క), జీరో (సున్నాతో భాగించడం), ఓవర్‌ఫ్లో (పట్టనంత పెద్ద సంఖ్య) అని మూడు పేర్లు ఇస్తే, రుణ సంఖ్యకు వర్గమూలం తీసిన క్షణంలోనే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. లేదంటే అక్కడ పుట్టిన నాన్ (‘ఇది సంఖ్య కాదు’ అని చెప్పే విలువ) లెక్కల గ్రిడ్‌లో పక్క గడులకు పాకుతుంది. కొన్ని గంటల తర్వాత ఫలితాల ఫైలు నిండా నాన్‌లే ఉంటాయి, మొదటిది ఎక్కడ పుట్టిందో తెలిసే దారి ఉండదు.

దీని విలువ నాకు తెలిసివచ్చింది సముద్ర ప్రవాహాల మోడల్‌తో. పాత క్లస్టర్‌లో ఏళ్ల తరబడి నడిచిన కోడ్, కొత్త యంత్రం మీద వేగం కోసం కోడ్‌ను బాగా మార్చే ‘ఓ3’, ఆ ప్రాసెసర్‌కే తగ్గట్టు చేసే ‘మార్చ్=నేటివ్’ ఫ్లాగ్‌లతో కంపైల్ చేస్తే చెడిపోయేది. అలాంటి మార్పులు చేయని ‘ఓ0’తో చేస్తే చక్కగా నడిచేది. ఇలాంటప్పుడు అందరి వేలూ కంపైలర్ వైపే చూపిస్తుంది. ‘ఓ0’తో చేసే డీబగ్ బిల్డ్‌లో తప్పు కనిపించదు కాబట్టి డీబగ్గర్‌తోనూ లాభం లేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇక్కడే. ట్రాప్‌ను ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే పెడతారు కనుక, మెయిన్ ప్రోగ్రామ్ ఉన్న ఒక్క ఫైలును ఈ ఫ్లాగ్‌తో కంపైల్ చేసి మళ్లీ లింక్ చేస్తే చాలు. ‘ఓ3’తో ముందే కంపైల్ అయి ఉన్న మిగతా ఆబ్జెక్ట్ ఫైళ్లను ముట్టుకోనక్కర్లేదు. అంటే తప్పు చేస్తున్న ఆ కోడే, ఉన్నది ఉన్నట్టుగా మన చేతికి చిక్కుతుంది. ‘జీ’ ఫ్లాగ్ ముందే పెట్టి ఉండడంతో ట్రాప్ ఆపినప్పుడు వచ్చే సిగ్‌ఎఫ్‌పీఈ సందేశం కింద ఫైలు పేరు, లైన్ నంబరు వచ్చాయి.

ఆ లైన్‌లో వర్గమూలం లోపల ‘ఏ’ వర్గం నుంచి ‘బీ’ వర్గం తీసివేస్తున్నారు. ఏ ఎప్పుడూ బీ కంటే తక్కువ కాదు, రెండూ సమానమైతే సున్నా రావాలి. కొత్త ప్రాసెసర్‌లో ఎఫ్‌ఎంఏ ఉంది: గుణించి కూడడం ఒకే ఆదేశంతో జరుగుతుంది, రౌండింగ్ చివర్లో ఒక్కసారే. దాంతో ఒక వర్గం రౌండ్ అయింది, రెండోది కాలేదు. ఆ చిన్న తేడా ఒక్కోసారి సున్నాకు దిగువన పడేది. పాత ప్రాసెసర్‌లో ఎఫ్‌ఎంఏ లేదు, ‘ఓ0’లో జీసీసీ (జీఫోర్ట్రాన్ ఇందులో భాగమే) దాన్ని వాడదు. ఎఫ్‌ఎంఏ వాడకాన్ని ఆపే ‘ఎఫ్‌ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్’ పెట్టినా సమస్య తీరేది, కానీ ఒక్క లైన్ కోసం కోడ్ మొత్తానికి ఎఫ్‌ఎంఏ వేగం పోతుంది. అందుకే ఆ లెక్కను (ఏ-బీ)(ఏ+బీ)గా రాశాం. నాన్‌లు మళ్లీ రాలేదు.

అయితే ఆగిన ప్రతిచోటా తప్పు ఉంటుందనుకోకూడదు. ల్యాప్యాక్ అనే మాత్రికల లెక్కల లైబ్రరీలో, ఐగెన్ విలువలు కనుక్కొనే డీఎస్‌వైఈవీఆర్‌ను పిలిస్తే ఈ ట్రాప్ ఐఈఈఈసీకే అనే రొటీన్‌లో ఆపేసింది. యంత్రం అనంతాన్ని, నాన్‌ను సరిగ్గా సంభాళిస్తుందో లేదో చూడడానికి అది కావాలనే సున్నాతో భాగిస్తుంది. ఆ పిలుపు ముందు ‘ఐఈఈఈ_సెట్_హాల్టింగ్_మోడ్’తో ట్రాప్ తీసేసి, తర్వాత మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఎంపీఐ ర్యాంకులు (ఒకేసారి నడుస్తూ పని పంచుకునే ప్రాసెస్‌లు) చాలా ఉన్నప్పుడు, ఎక్కడ ఆగిందో చూపే అన్నిటి ట్రేస్‌లూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి చదవడమూ కష్టమే.

కాబట్టి ఇప్పుడు ప్రతి రన్‌లోనూ పెట్టడం లేదు. యంత్రం మారినా, కంపైలర్ వెర్షన్ మారినా మాత్రం మొదటి రన్‌లు ట్రాప్‌తోనే వేస్తాను. నా పనంతా సీపీయూల మీద నడిచే ఫోర్ట్రాన్. కొన్ని ఆర్మ్ ప్రాసెసర్లలో ఈ ట్రాప్‌కు హార్డ్‌వేర్ మద్దతే లేదు, జీపీయూ మీద జరిగే లెక్కలను ఇది పట్టుకోలేదు. మా మోడల్‌లో సగం అటు వెళ్లాక నాకు ఇది ఎంతవరకు పనికొస్తుందో చూడాలి.