ఆరేళ్లుగా నంపైలో వ్యూలు, ఇండెక్స్ అర్రేలు వాడాక

నేను విశాఖ తీరానికి సంబంధించిన సముద్ర డేటా మీద పనిచేస్తాను. గంట గంటకీ నీటిమట్టం, గాలి, చేపల రేవు నుంచి వెళ్లే పడవల జీపీఎస్ పాయింట్లు. ఆరేళ్లుగా అన్నిటికీ నంపైనే, అంటే అర్రేలతో (సంఖ్యల వరుసలు, పట్టికలతో) లెక్కలు చేసే పైథాన్ లైబ్రరీ. సీ భాషలోలా పాయింటర్ (మెమరీలో విలువ ఉన్న చోటును చూపేది) అనే పేరు ఇక్కడ వినిపించదు కానీ ఆ పని చేసేవి రెండున్నాయి. అసలు అర్రే మెమరీనే వేరే పేరుతో చూపించేది వ్యూ. విలువలకు బదులు అవి ఎక్కడున్నాయో ఆ సంఖ్యలను దాచుకునేది ఇండెక్స్ అర్రే.

నాకు బాగా నచ్చింది ఇండెక్స్ అర్రేనే. తీరాన్ని గళ్లుగా విడగొట్టిన నా గ్రిడ్ 200×200, అంటే 40,000 గళ్లు. అందులో చాలా భాగం నేల. డాల్ఫిన్స్ నోస్ దగ్గర కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి తీరం గీత గీసినట్టు ఉండదు. మొదట్లో ప్రతి గడికీ "పక్కన నీళ్లా, నేలా" అని ఇఫ్‌లు (షరతులు) రాసేవాణ్ణి. ఇప్పుడు నీటి గళ్ల జాబితా ఒకటి, ఒక్కో గడికి నాలుగు పక్కగళ్ల నంబర్లు ఉండే పట్టిక ఒకటి ముందే కట్టుకుంటాను. పక్కన నేల వస్తే అక్కడ ఆ గడి నంబరే మళ్లీ వేస్తాను. తేడా సున్నా అవుతుంది, ఒడ్డు దగ్గర ప్రవాహం ఆగిపోతుంది. లూప్ లేదు, ఇఫ్ లేదు. ఈ ఒక్క సుఖం కోసమే దీన్ని ఎవరికైనా సిఫారసు చేస్తాను.

దెబ్బ తిన్నదీ దీనితోనే. ఏ గడిలో ఎన్ని పడవ పాయింట్లు పడ్డాయో లెక్కపెట్టడానికి ఇండెక్స్ అర్రేతో "+= 1" అని రాశాను. రేవు ముందున్న గడిలో వందలు రావాల్సింది, ఒకటే వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రెండు రోజులు డేటానే అనుమానించాను. అసలు సంగతేమిటంటే నంపై ముందు పాత విలువలన్నిటినీ కాపీగా తీసి, ఒకటి కలిపి, తిరిగి రాస్తుంది. ఒకే నంబరు వందసార్లు వస్తే, అదే "ఒకటి" వందసార్లు రాస్తుంది. దీనికి యాడ్.ఎట్ వాడాలి, మళ్లీ వచ్చిన ప్రతి నంబరుకూ అది విడిగా కలుపుతుంది. అది చాలాకాలం నెమ్మదిగా ఉండేది, 2023లో వచ్చిన 1.25 వెర్షన్‌లో వేగం బాగా పెరిగింది. ఉత్త లెక్కింపుకైతే ఏ నంబరు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే బిన్‌కౌంట్‌నే నేను ఇప్పటికీ వాడతాను.

వ్యూల విషయానికొస్తే, మామూలు స్లైస్ (ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని తీసిన ముక్క) వ్యూ ఇస్తుంది, ఇండెక్స్ అర్రేతో తీస్తే కాపీ వస్తుంది. ఈ తేడా చేతికి అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది. ఏడాది గాలి డేటా దాదాపు 2.8 జీబీ. అందులో ఒక్క రోజు స్లైస్ ఉంచుకుని మిగతాది డిలీట్ చేశాననుకున్నా మెమరీ తగ్గలేదు, ఆ చిన్న వ్యూ మొత్తాన్నీ పట్టుకుని ఉంది. కాపీ చేస్తే వదిలింది.

స్లైడింగ్ విండో వ్యూ, అంటే డేటా మీద ఒక్కో అడుగూ జరిగే కిటికీ, మాత్రం బంగారం. మన తీరంలో పోటు రోజుకు రెండుసార్లు. దాన్ని చాలావరకు తీసేయడానికి 25 గంటల సగటు వేస్తాను. ఏడాదిలోని 8,760 గంటల విలువల నుంచి 8,736 విండోలు, ఒక్క విలువా కాపీ కాకుండా. డీఫాల్ట్‌గా రాయనివ్వదు కూడా, కాబట్టి అసలు డేటా భద్రం.

అర్రే ఆకారం మార్చే రీషేప్ మీద మాత్రం చాన్నాళ్లు కోపం ఉండేది. ఒకోసారి వ్యూ, ఒకోసారి కాపీ, ఏది ఇచ్చిందో చెప్పేది కాదు. నంపై 2.1 వెర్షన్ నుంచి కాపీ వద్దని అడగొచ్చు, కుదరకపోతే ఎర్రర్ ఇస్తుంది. నా పాత స్క్రిప్టులన్నిటిలో ఆ మాట చేరుస్తున్నాను, ఇంకా సగం మిగిలాయి.