వెనిల్లా కాయలు కొన్నారా? వోడ్కాలో వేసే ముందు ఒకటి చీల్చి చూడండి

బెంగళూరులో ఇంట్లో కేకులు చేసి అమ్మే మన తెలుగువాళ్ళకి ఈ మాట చేరాలని రాస్తున్నాను. ముఖ్యంగా క్రిస్మస్ ఆర్డర్ల కోసం ఇప్పుడే వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ (కాయల్ని వోడ్కాలో నెలల తరబడి ఊరబెట్టి తీసే సారం) పెట్టుకుందామనుకుంటున్న వాళ్ళకి.

జూలైలో ఒక ఆన్‌లైన్ పేజీలో 'కూర్గ్ తోట వెనిల్లా' అని చూసి 50 గ్రాములు తెప్పించాను. బయటి రేటులో సగానికే ఇస్తామన్నారు. యూపీఐలో ముందే డబ్బు కట్టేశాను. కవర్ విప్పగానే హాలంతా ఐస్‌క్రీమ్ వాసన. కాయలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. చాలా కాయలకి పైనుంచి కిందదాకా సన్నటి గీతలా చీలిక ఉంది. ఎండేటప్పుడు పగిలాయేమో అనుకున్నాను. అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

ఐదు కాయలు చక్కెర డబ్బాలో దాచి, మిగతావి కత్తెరతో ముక్కలు చేసి వోడ్కాలో వేశాను. లీటరుకు 100 గ్రాముల లెక్క. అమెరికాలో ఎక్స్‌ట్రాక్ట్ అని లేబుల్ వేయాలంటే దాదాపు ఇంతే కాయ, కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలని చట్టం. మన దగ్గర దొరికే వోడ్కా మామూలుగా 42.8 శాతం, కాబట్టి సరిపోతుంది.

మూడో రోజుకి జాడీ పైన నూనె తెట్టె కట్టింది. దీపం ప్రమిదలో నీళ్ళు పడితే నూనె తేలినట్టు, గుండ్రటి చుక్కలు. నెల గడిచినా రంగు పలచటి టీ నీళ్ళలాగే ఉంది. అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే "ఓపిక పట్టండి మేడమ్, ఆరు నెలలు పడుతుంది" అన్నారు. ఎక్స్‌ట్రాక్ట్ బాగా ఊరడానికి నెలలు పట్టే మాట నిజమే కాబట్టి నమ్మాను. రెండో నెల దాటాక మూత తీస్తే వోడ్కా ఘాటు తప్ప ఏమీ లేదు. మళ్ళీ రాస్తే వాపసు గడువు అయిపోయిందన్నారు, ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశారు. ఈ మోసం నడిచేది అక్కడే. మనకి అనుమానం వచ్చేలోపు గడువు దాటిపోతుంది.

పక్క ఫ్లాట్ తమిళ ఆంటీ కూడా అదే వోడ్కాతో, చిక్కమగళూరు దగ్గర వాళ్ళ బంధువుల తోట కాయలతో పెట్టారు. రెండు నెలలకే అది కాఫీ డికాషన్ రంగుకి వచ్చింది. ఆమె కాయ ఒకటి, నా చక్కెర డబ్బాలోది ఒకటి స్టీలు పళ్ళెంలో పెట్టి చీల్చాం. ఆంటీ కాయని కత్తి వెనకవైపుతో గీకితే నల్లటి ముద్ద వచ్చింది. గసగసాలకన్నా సన్నటి గింజలు కత్తికి అంటుకుపోయాయి. నా కాయలో పొడి పీచు, రాలిపోయే నాలుగు గింజలు. టిష్యూ మీద పెడితే రూపాయి బిళ్ళంత నూనె మరక పాకింది. చీల్చి ఒకసారి సారం తీసేసిన కాయలకే నూనె రాసి, కృత్రిమ వెనిలిన్ (వెనిల్లాకి వాసననిచ్చే పదార్థం) పట్టించి అమ్మారని నా గట్టి నమ్మకం.

అసలు కాయ ఊరికే ఖరీదు కాలేదండీ. పువ్వు విచ్చుకునేది ఒక్కరోజే. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ళ బానిస పిల్లవాడు పుల్లతో పరాగం అంటించే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ మన తోటల్లో ఒక్కో పువ్వుకీ చేత్తోనే అలా చేయాలి. పచ్చికాయకి వాసనే ఉండదు. వేడినీళ్ళలో ముంచి, చెమట పట్టించి, నెలల తరబడి ఆరబెడితే అయిదారు కిలోలకి ఒక కిలో తేలుతుంది. అలాంటి సరుకు సగం ధరకి వస్తోందంటే అనుమానించాల్సిందే.

పార్సెల్ వచ్చిన రోజే వీడియో తీస్తూ విప్పండి. ఒక కాయ వేలికి చుట్టండి, విరక్కుండా వంగాలి. మంచి కాయకీ కొంచెం మెరుపు ఉంటుంది కానీ చేతికి జిడ్డు కారదు. తర్వాత చీల్చి గింజలు చూడండి. పైన తెల్లగా ఉంటే వెలుతురులో పెట్టండి. సూదుల్లా తళుక్కుమంటే వెనిలిన్ స్ఫటికాలు, దూదిలా మెత్తగా ఉంటే బూజు. బూజైతే పారేయండి, వోడ్కాలో వేస్తే పోతుందని ఎవరు చెప్పినా వినకండి. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉందో లేదో చూడండి. నా కవర్ మీద లేదు.

ఇంకొకటి, వోడ్కా కొనడం మొహమాటమని మెడికల్ షాపు స్పిరిట్ వాడొచ్చా అని ఒక చెల్లెలు నన్ను అడిగింది. దయచేసి వద్దమ్మా, అది కడుపులోకి వెళ్తే విషం.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జవాబు కోసం చూస్తున్నాను. మీరూ ఇలాంటి నూనె కాయలు ఈ వారం తెప్పించుకుని ఉంటే, ఈ రాత్రే ఒకటి చీల్చి చూసి, గడువు దాటకముందే డబ్బు వెనక్కి అడగండి.